పాయింట్ బుక్కు

రాత్రి బీటు నాది, హోంగార్డు సైదులుది.
చండూరు చౌరస్తా కాడ మొదలుపెడితే
ఏడు డబ్బాలు, ఏడు బుక్కులు.
బ్యాంకు షట్టరుకు ఒకటి,
జిన్నింగ్ మిల్లు గేటుకు ఒకటి,
బంగారం దుకాణాల సందుల ఒకటి.
టైమెయ్యాలె, సంతకం పెట్టాలె,
"అంతా సవ్యం" అని రాయాలె.
నేను వచ్చిపోయిన అనేటందుకు
నా రాతే నాకు సాక్షి.

పన్నెండు దాటినంక ఫోను మోగుతది.
"సార్, మా నాయిన అమ్మను కొడుతుండు"
దుప్పట్లకెళ్లి మాట్లాడినట్టు ఒక పిల్ల గొంతు.
మేం పోయేసరికి ఆ నాయినే
అరుగు మీద కూసోని
మంచినీళ్లు తాగుతరా సారు, అన్నడు.
చెంబు అందిచ్చిన ఆమె చెయ్యి వాచి ఉండె.
ఏమన్నా చెప్తవా అమ్మా అంటే
ఏం లేదు, గడప తాకింది అన్నది.
నేను గడప దిక్కు చూసిన.
పిల్ల నా దిక్కు చూసింది.

బాయిల తేలినోన్ని తీసేటప్పుడు
ఊరంతా ముక్కు మూసుకొని ఎనకకు జరుగుతది.
సైదులు తువ్వాల నడుముకు బిగిచ్చి దిగుతడు.
చెర్వుగట్టు జాతరల తప్పిపోయిన పిల్లగాడు
నా భుజం మీద ఎక్కి, నా టోపీ పెట్టుకొని,
తల్లి దొరికినంక కూడా
టోపీ ఇయ్యనని ఏడ్సిండు.
గివి ఏ రికార్డుల ఉండయి.

పద్దెనిమిదేండ్లల్ల పదకొండుమంది ఎస్సైలు.
ఒకాయన హెల్మెట్ లేదని
సొంత బామ్మర్దికే చలాన్ రాసిండు,
పండుగకు అత్తగారింటికి పోలే.
ఒకాయన కాగితమే ముట్టకపోయేది.
బోరు పక్కన బోరేసిండని కొట్లాడొచ్చినోళ్లను
ఒక్క బెంచీ మీద కూసోబెట్టి, చాయ తాపి,
పొద్దుగూకేదాక తిట్టుకోనిచ్చి
ఒక్క బండి మీదనే ఇంటికి తోలేది.
లొల్లి నా చెవునపడకుంటే చాలు
అనేటాయన ఇంకొకాయన. ఆయన ఉన్నన్ని దినాలు
మాకు నిద్ర బాగ పట్టేది.
బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా
చట్టం మళ్ల మొదటికెళ్లి నేర్చుకునేది మేము.

ఒకాయన గురించి చెప్పలే.
ఆయన దినాలల్లనే బత్తాయి తోటలల్ల
మోటర్ల రాగితీగ పోయింది.
తోటకు నీళ్లు కట్టే ఈదయ్యను
పొద్దుగాల పట్టుకొచ్చినం. పంతొమ్మిదేండ్లు.
చెప్పుల్లేవు, మోకాళ్లదాక బురద.
"నువ్వు అడుగు" అన్నడు ఎస్సై
కుర్చీల కెళ్లి లేవకుంటనే.
మా తాన అడుగుడంటే ఏందో
నాకు తెలుసు, ఈదయ్యకు తెల్వదు.
నోరు తెరిచి జవాబు చెప్పబోయిండు.

నెలకు తీగ దొరికింది,
తోట యజమాని తమ్ముని కొట్టంల, గడ్డి కింద.
ఇంటి సంగతి అని వాపసు తీసుకున్నరు.
ఈదయ్యకు ఎవ్వలం చెప్పలే.
జనరల్ డైరీల అన్నిటికీ గడి ఉన్నది,
తప్పైందని రాసేటందుకు లేదు.
చెప్పింది ఎవలైనా, చెయ్యి నాదే.

ఇప్పుడు ఏడో బుక్కు
మునుగోడు రోడ్డు మీద ఈదయ్య వైండింగ్ షాపుకే.
ఎండకాలం ఊరి మోటర్లన్నీ కాలిపోయి
అక్కడికే వస్తయి.
రెండింటికి కూడా బల్బు ఎలుగుతనే ఉంటది.
వేళ్లకు రాగితీగ సుట్టుకుంట, సుట్లు లెక్కపెట్టుకుంట
తల ఎత్తడు.
నేను లెక్క తప్పించొద్దని మెల్లగ నడుస్త.

నిన్న నా పెన్ను రాయలే.
జేబులు తడుముకుంటుంటే
"డబ్బాకు కట్టిన, చూడు సార్" అన్నడు లోపల్నుంచి.
పెన్ను ఉన్నది.
మూరెడు రాగితీగతోని కట్టి.
పోకుండ కట్టిండో,
నాకు కనబడాలనే కట్టిండో,
చేతికి అందింది అదొక్కటేనో.

రెండు గంటల పది నిమిషాలు అని ఏసిన.
సంతకం పెట్టిన.
సైదులు బండి స్టార్ట్ చేసిండు.
ఆ రెండు మాటలు రాయబోతే
తీగ గుంజింది,
గీత వంకరపోయింది.